పిల్లికి షుగర్ అని తేలిందా? మొదటి నెలలో తిండి, సూది, లెక్క ఏ వరుసలో మొదలుపెట్టాలి

పిల్లికి షుగర్ అని తేలగానే అందరూ అడిగేది ‘ఏం పెట్టాలి?’ అనే. అది రెండో ప్రశ్న. మొదటిది ‘ఇంట్లో షుగర్ ఎలా చూడాలి?’ అనేది. కొలవడం రాకుండా తిండి మార్చినా, డోసు మార్చినా చీకట్లో మెట్లు దిగినట్టే. మా పిల్లి పండుగాడి విషయంలో నేను ఈ వరుసను తిరగేసి చేశాను. పదో రోజు రాత్రి వాడు తూలుతూ గోడకు ఆనుకుని నిలబడితే గానీ నా తప్పు నాకు తెలియలేదు.

ఒక్క విషయం ముందే గుర్తు పెట్టుకోండి. తింటూ తిరుగుతున్న పిల్లికి షుగర్ ఎక్కువగా ఉంటే సరిచేయడానికి రోజులు దొరుకుతాయి. అదే షుగర్ పడిపోతే దొరికేవి నిమిషాలే. కింద రాసిన వరుస అంతా ఈ లెక్కమీదే.

పిల్లి తినడం మానేసి, వాంతులు చేసుకుంటూ, లేవలేకుండా ఉంటే ఇది చదువుతూ కూర్చోకండి. అది కీటోన్లు (ఇన్సులిన్ చాలక ఒంట్లో కొవ్వు కరిగేటప్పుడు రక్తంలో చేరే ఆమ్లాలు) పెరిగిన స్థితి కావచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

1. డాక్టర్ దగ్గర నుంచి బయటికి రాకముందే అడగాల్సినవి

భయపడితే పిల్లికి షుగర్ పెరుగుతుంది. బుట్టలో కుక్కి, ఆటోలో తెచ్చి, కుక్కల అరుపుల మధ్య కూర్చోబెడితే ఆరోగ్యంగా ఉన్న పిల్లికి కూడా 300 (డెసిలీటరు రక్తానికి మిల్లీగ్రాములు) దాటొచ్చు. అందుకే ఒక్క రీడింగ్ చూసి నిర్ధారించకూడదు. ఫ్రక్టోసమిన్ పరీక్ష గత ఒకటి రెండు వారాల సగటు చెబుతుంది. అది కుదరకపోతే మూత్రంలో గ్లూకోజ్ పరీక్షతో పాటు లక్షణాలు కూడా కలిసి రావాలి: అతిగా నీళ్ళు తాగడం, ట్రే నిండా మూత్రం, బాగా తింటూనే చిక్కిపోవడం.

☐ షుగర్ నిర్ధారణకు ఒక్క రక్త పరీక్షేనా, ఇంకేమైనా చేశారా?
☐ కిడ్నీలు, పళ్ళు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ చూశారా? పళ్ళ చీము, మూత్రనాళ ఇన్‌ఫెక్షన్ ఉంటే ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు.
☐ ఈమధ్య దురదకో, ఉబ్బసానికో స్టెరాయిడ్ ఇంజెక్షన్ పడిందా? పడి ఉంటే తప్పకుండా చెప్పండి. షుగర్ రావడానికి అదే కారణం కావచ్చు.
☐ ఏ ఇన్సులిన్, ఎన్ని యూనిట్లు, ఏ సిరంజి?
☐ రీడింగ్ ఎంతకంటే తక్కువ ఉంటే సూది ఆపాలి?
☐ సగం తిని వదిలేస్తే ఏం చేయాలి? అసలు ముట్టకపోతే?
☐ రాత్రి పదకొండుకు ఎవరికి ఫోన్ చేయాలి?

చివరి మూడింటికీ జవాబులు కాగితం మీద రాయించుకుని ఫ్రిజ్ తలుపుకు అంటించండి. అవి అవసరమయ్యే సమయానికి మనకు బుర్ర పనిచేయదు.

2. ఇంటికి తెచ్చుకోవాల్సినవి

☐ గ్లూకోమీటర్, స్ట్రిప్‌లు, లాన్సెట్లు (రక్తపు చుక్క కోసం గుచ్చే చిన్న సూదులు)
☐ ఇన్సులిన్, దానికి సరిపోయే సిరంజిలు
☐ మూత్రంలో గ్లూకోజ్, కీటోన్ రెండూ చూపించే స్ట్రిప్‌లు
☐ గ్రాముల్లో తూచే చిన్న కాటా. చెంచాల లెక్క ఇక్కడ పనికిరాదు.
☐ తేనె సీసా, లేదా గ్లూకోజ్ పొడి
☐ వాడిన సూదులకు మందపాటి ప్లాస్టిక్ డబ్బా. నిండాక క్లినిక్‌కి ఇవ్వండి. చెత్త సంచిలో వేస్తే చెత్త బండి వాళ్ళ చేతుల్లో గుచ్చుకుంటాయి.
☐ ఒక నోట్‌బుక్

జంతువుల కోసం తయారైన మీటర్ దొరికితే మంచిదే. దొరక్కపోతే మనుషుల మీటర్ వాడొచ్చు. కాకపోతే పిల్లి రక్తంలో అది సాధారణంగా అసలు కంటే తక్కువ చూపిస్తుంది. మొదలుపెట్టిన మీటర్‌తోనే కొనసాగండి, అది ఏ రకమో డాక్టర్‌కి చెప్పండి. మధ్యలో మారిస్తే పాత అంకెలతో పోల్చలేరు.

ఇన్సులిన్ ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రీజర్ పక్కన పెట్టొద్దు, గడ్డకట్టిందంటే ఇక పారేయడమే. తలుపు అరలో వేడి మారుతూ ఉంటుంది కాబట్టి మధ్య అరలో ఉంచండి. ఎండాకాలంలో గంటల తరబడి కరెంటు పోయే ఊళ్ళో ఉంటే, చిన్న డబ్బాలో పెట్టి మట్టికుండ చల్లదనంలో ఉంచడం పాత ఉపాయం. కరెంటు వచ్చేదాకా పర్వాలేదు. ఐస్ మీద నేరుగా మాత్రం పెట్టకండి.

3. సిరంజి: ఇక్కడ తప్పు జరిగితే మిగతాదంతా వృథా

కాస్త నెమ్మదిగా చదవండి. ఇన్సులిన్ రెండు గాఢతల్లో వస్తుంది. యు-40 అంటే ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు. యు-100 అంటే 100 యూనిట్లు. సిరంజి మీది గీతలు కూడా ఆ ప్రకారమే ఉంటాయి. యు-40 సిరంజికి ఎర్ర మూత, యు-100 సిరంజికి నారింజ రంగు మూత ఉంటుంది. రంగును నమ్ముకోకుండా సిరంజి మీది అంకె చదవండి.

మన దగ్గర మనుషులు వాడే మామూలు ఇన్సులిన్ సీసాలు చాలావరకు యు-40. అందుకే మెడికల్ షాపులో ‘ఇన్సులిన్ సిరంజి ఇవ్వండి’ అంటే ఎర్ర మూతది చేతిలో పెట్టే అవకాశం ఎక్కువ. పిల్లులకు డాక్టర్లు తరచుగా రాసే గ్లార్జిన్ అనే ఇన్సులిన్ మాత్రం యు-100. జంతువుల కోసం తయారైన కానిన్సులిన్ యు-40.

ఇప్పుడు లెక్క చూడండి. యు-100 ఇన్సులిన్‌ను యు-40 సిరంజిలో ఒక గీత లాగితే లోపలికి వెళ్ళేది ఒకటి కాదు, రెండున్నర యూనిట్లు. రెండు గీతలు లాగితే ఐదు. నాలుగు కిలోల పిల్లికి అది ప్రాణాల మీదికి తెచ్చే డోసు. తిరగేసి, యు-40 ఇన్సులిన్‌ను యు-100 సిరంజిలో ఒక గీత లాగితే 0.4 యూనిటే వెళ్తుంది. అప్పుడు ‘డోసు చాలట్లేదు’ అని పెంచుకుంటూ పోతారు.

యు-100కి 0.3 మి.లీ. సిరంజి, అరయూనిట్ గీతలున్నది అడగండి. పిల్లికి అర యూనిట్ తేడా కూడా పెద్దదే. గ్లార్జిన్‌లో యు-300 పెన్ కూడా ఉంటుంది. అందులోంచి సిరంజితో ఎప్పుడూ లాగకండి.

4. మొదటి మూడు వారాల వరుస

కొందరు డాక్టర్లు మొదటి రోజే ఇన్సులిన్, కొత్త తిండి కలిపి మొదలుపెడతారు. ఇంట్లో ఎవరో ఒకరు రోజూ షుగర్ చూడగలిగితే అదీ తప్పు కాదు. కొత్తవాళ్ళకు నేను చెప్పేది మాత్రం ఒకదాని తర్వాత ఒకటి. డాక్టర్‌తో మాట్లాడి ఇలా పంచుకోండి.

మొదటి వారం: పాత తిండే, అంతే మోతాదు. ఇన్సులిన్ డాక్టర్ చెప్పిన తక్కువ డోసు. చాలా పిల్లులకు పూటకు ఒక యూనిట్ దగ్గరే మొదలవుతుంది. ఈ వారం మీరు నేర్చుకోవాల్సినవి రెండే: సూది వేయడం, చెవి నుంచి రక్తం తీయడం. రీడింగ్ 350 ఉందని కంగారుపడి డోసు పెంచకండి. శరీరం కొత్త డోసుకు సర్దుకోవడానికి ఐదారు రోజులు పడుతుంది.

రెండో వారం: తిండి మార్పు మొదలు. నాలుగో వంతు కొత్తది, మూడు వంతులు పాతది. రెండు మూడు రోజులకోసారి కొత్తది పెంచండి. ఈ వారం రోజూ రెండు పూటలా సూదికి ముందు షుగర్ చూడాల్సిందే. పిండిపదార్థం తగ్గేకొద్దీ ఇన్సులిన్ అవసరం కూడా తగ్గుతుంది. నేను చేసిన తప్పు ఇక్కడే. డ్రై ఫుడ్ ఒక్కసారిగా ఆపేసి పాత డోసే వేస్తూ పోయాను.

మూడో వారం: పూర్తిగా కొత్త తిండి. ఒక రోజంతా రెండు గంటలకోసారి షుగర్ చూసి, ఆ అంకెల పట్టిక డాక్టర్‌కి పంపండి. డోసు మార్పు దాన్ని చూశాకే.

5. ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి

పిల్లి మాంసాహారి. పిండిపదార్థం దానికి అవసరం లేదు. షుగర్ ఉన్న పిల్లికి మొత్తం కేలరీల్లో పిండిపదార్థం వాటా 12 శాతం లోపు ఉండేలా చూస్తారు. మనం పెట్టే పాలన్నం, పెరుగన్నం, బిస్కెట్, బ్రెడ్డు ఈ లెక్కకు ఆమడ దూరం.

ప్యాకెట్ మీద ఈ శాతం రాసి ఉండదు. మనమే కట్టాలి.

• వందలోంచి ప్రొటీన్, కొవ్వు, తేమ, పీచు, బూడిద (Ash, అంటే ఖనిజాలు) శాతాలు తీసేయండి. మిగిలిందే పిండిపదార్థం. బూడిద శాతం రాయకపోతే డ్రై ఫుడ్‌కి 8, వెట్ ఫుడ్‌కి 2 వేసుకోండి.
• ప్రొటీన్‌ను 3.5తో, కొవ్వును 8.5తో, పిండిపదార్థాన్ని 3.5తో గుణించండి. మూడూ కలిపితే వంద గ్రాములకు కేలరీలు.
• అందులో పిండిపదార్థం వాటా ఎంత శాతమో చూడండి.

ఒక డ్రై ఫుడ్‌లో ప్రొటీన్ 30, కొవ్వు 10, తేమ 10, పీచు 4, బూడిద 8 అనుకుందాం. మిగిలింది 38. కేలరీలు 105, 85, 133. మొత్తం 323. పిండిపదార్థం వాటా 41 శాతం. ఒక వెట్ ఫుడ్‌లో ప్రొటీన్ 10, కొవ్వు 5, తేమ 80, పీచు 1, బూడిద 2 అయితే మిగిలింది 2. కేలరీలు 35, 42.5, 7. మొత్తం 84.5. పిండిపదార్థం వాటా 8 శాతం చిల్లర. ప్యాకెట్‌పై ఉండేవి కనిష్ఠం, గరిష్ఠం అని రాసే అంకెలు కాబట్టి ఇది ఉజ్జాయింపే. ఏది పనికొస్తుందో, ఏది పనికిరాదో తేల్చుకోవడానికి చాలు.

పౌచ్ అయితే చాలు, వెట్ ఫుడే కదా అనుకోవద్దు. చిక్కటి గ్రేవీలో ముక్కలు తేలేవాటిలో పిండి కలిపి ఉండొచ్చు. మెత్తగా ముద్దలా ఉండే రకాలు సాధారణంగా మేలు. ఏదైనా లెక్క కట్టి చూడండి. మా వాడికి గ్రేవీ రకమే ఇష్టం, ముద్దను చూసి ముఖం తిప్పుకునేవాడు. కాస్త గోరువెచ్చటి నీళ్ళు కలిపి, వాసన తేలేలా చేసి పెడితే నాలుగో రోజుకు దారికొచ్చాడు.

మొండికేసిన పిల్లిని పస్తు పెట్టి లొంగదీయాలని చూడకండి. లావుపాటి పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కొవ్వు కాలేయంలో పేరుకుని అదే ప్రాణం మీదికి వస్తుంది.

ఇంట్లో వండి పెడతామంటారా? ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి పడకముందు తీసిన ఉడికిన చికెన్ ముక్కలు రుచికి కొంచెం పెట్టొచ్చు, రోజు కేలరీల్లో పదో వంతు దాటకుండా. రోజంతా చికెన్ మాత్రమే పెడితే కాల్షియం చాలదు, పిల్లికి తప్పనిసరైన టారిన్ అనే పోషకం ఉడికించిన నీళ్ళలోకి పోతుంది. ఉల్లి, వెల్లుల్లి పిల్లులకు విషం. ఎండుచేపల్లో ఉప్పు ఎక్కువ. పూర్తిగా ఇంటి వంటే అయితే డాక్టర్ రాసిచ్చిన కొలతలు, సప్లిమెంట్లతోనే. కిడ్నీ జబ్బు కూడా ఉన్న పిల్లికి ఈ విభాగం మొత్తం మారిపోతుంది. దాని తిండి డాక్టరే నిర్ణయించాలి.

ఎంత పెట్టాలంటే, ఉండాల్సిన బరువుకు విశ్రాంతిలో కావాల్సిన కేలరీలు ఇవి: 4 కిలోలకు సుమారు 198, 5 కిలోలకు 234, 6 కిలోలకు 268. లావు తగ్గించాలంటే ఇందులో 80 శాతం దగ్గర మొదలుపెడతారు. పండు 7.2 కిలోలు, ఉండాల్సింది ఐదున్నర. అంటే రోజుకు 200 కేలరీలు. పైన లెక్క కట్టిన వెట్ ఫుడ్ 85 గ్రాముల పౌచ్‌లో 72 కేలరీలు వస్తాయి, అంటే మూడు పౌచ్‌లకు కొంచెం తక్కువ. బరువు వారానికి ఒక శాతం చొప్పున తగ్గితే చాలు. ఇప్పటికే ఎముకలు తేలిన పిల్లికి మాత్రం కోత వద్దు, ఎక్కువే కావాలి.

రోజు తిండిలో సగం పొద్దున సూదికి, సగం సాయంత్రం సూదికి. మధ్యలో చిరుతిండి అలవాటున్న పిల్లి అయితే ఆ కోటాలోంచే కొంచెం తీసి పెట్టండి. నీళ్ళు ఎప్పుడూ ఉండాలి. ఎక్కువ తాగుతోందని గిన్నె తీసేయడం ఘోరమైన తప్పు.

మన ఇళ్ళలో అసలు చిక్కు వేరే ఉంది. ‘సూదులు పొడుస్తున్నారు పాపం, చెంచాడు పాలైనా పోయొద్దా’ అని మా అత్తగారు రెండు వారాలు రహస్యంగా పోశారు. రీడింగ్‌లు ఎందుకు ఎగిరి పడుతున్నాయో నాకు అంతుపట్టలేదు. చివరికి నోట్‌బుక్ ఆవిడ చేతికే ఇచ్చి, ‘అత్తయ్యా, మీరే రాయండి’ అన్నాను. పాలు ఆగిపోయాయి. గోడ దూకి పక్కింటికి వెళ్ళే పిల్లి అయితే వాళ్ళకూ చెప్పాలి. కొన్నాళ్ళు బయటికి వదలకపోవడం ఇంకా మంచిది.

6. సూది: ఆరు మెట్లు

1. పన్నెండు గంటల తేడాతో రెండు వేళలు ఖాయం చేసుకోండి. పొద్దున ఆరున్నర, సాయంత్రం ఆరున్నర లాగా. ముందూ వెనకా అరగంట తేడా పర్వాలేదు.
2. ముందు షుగర్ చూడండి, తర్వాత తిండి పెట్టండి. తింటోందని తేలాక సూది. ఈ వరుస ఎప్పుడూ మారకూడదు.
3. గ్లార్జిన్ నీళ్ళలా తేటగా ఉండాలి, మసకబారితే వాడొద్దు. దాన్ని ఊపకండి. కానిన్సులిన్ పాలలా ఉంటుంది, దాన్ని లాగేముందు బాగా కలపాలి. ఇన్సులిన్ రకాన్ని బట్టి ఇది మారుతుంది కాబట్టి పెట్టెలోని కాగితం చదవండి.
4. గాలి బుడగలు తీసేసి, గీత కంటికి ఎదురుగా పట్టుకుని చూడండి.
5. డొక్క పక్కనో, ఛాతీ పక్కనో చర్మాన్ని గుడారంలా పైకెత్తి, ఆ గుడారం లోపలికి సూది వెళ్ళేలా పొడిచి నొక్కండి. మెడ వెనక కంటే ఇక్కడ మందు బాగా ఒంటబడుతుంది. రోజూ చోటు మార్చండి.
6. తీశాక బొచ్చు తడిగా ఉందేమో తడిమి చూడండి. తడిగా ఉంటే మందు బయట పడింది. సగం పడిందో మొత్తం పడిందో తెలియదు కాబట్టి మళ్ళీ వేయకండి. తర్వాతి పూట మామూలు డోసు.

ఒక పూట మర్చిపోయినా అంతే. తర్వాతి పూట రెండింతలు వేయకూడదు.

7. చెవి నుంచి రక్తం తీయడం

చెవి అంచున సన్నగా ఒక రక్తనాళం కనబడుతుంది. దానికీ అంచుకూ మధ్య గుచ్చాలి. చెవి చల్లగా ఉంటే రక్తం రాదు. గోరువెచ్చటి బియ్యం మూట, లేదా వెచ్చటి నీళ్ళలో పిండిన గుడ్డ అర నిమిషం ఆనించండి. మీ వేలికి తగలకుండా వెనక దూదిముక్క పెట్టి గుచ్చండి. చుక్క వచ్చాక స్ట్రిప్ దాని దగ్గరికి తీసుకెళ్ళాలి. తర్వాత దూదితో కాసేపు నొక్కితే మచ్చ పడదు. అయ్యాక చిన్న చికెన్ ముక్క. నాలుగైదు రోజుల్లో పిల్లే వచ్చి కూర్చుంటుంది.

అంకెలు డెసిలీటరుకు మిల్లీగ్రాముల లెక్కలో ఇలా చూడండి.

• సూదికి ముందు 200 కంటే తక్కువ: కొత్తవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా వేయొద్దు.
• రోజులో అతి తక్కువ రీడింగ్ 80 నుంచి 150 మధ్య: కావాల్సింది ఇదే.
• 60 కంటే తక్కువ: పిల్లి ఎలా ఉన్నా తర్వాతి విభాగం. జంతువుల మీటర్ అయితే 70 నుంచే.

చర్మానికి అంటించి షుగర్ చూసే సెన్సర్లు మన దగ్గర మనుషుల కోసం దొరుకుతున్నాయి, పిల్లులకూ వాడుతున్నారు. పద్నాలుగు రోజులు ఉండాలి గానీ మధ్యలోనే పీకేసుకునే పిల్లులు చాలా ఉన్నాయి. అది అనుమానాస్పదంగా తక్కువ చూపిస్తే చెవి రక్తంతో సరిచూసుకోండి.

8. షుగర్ పడిపోతే

గుర్తులు: హఠాత్తుగా విపరీతమైన ఆకలి, తూలడం, వణుకు, శూన్యంలోకి చూస్తున్నట్టు కళ్ళు, మూల దాక్కోవడం, చివరికి ఫిట్స్.

1. నిలబడి తినగలిగితే వెంటనే తిండి పెట్టండి. ఈ ఒక్కసారికి పాత డ్రై ఫుడ్, గ్రేవీ ఏదైనా సరే. పావుగంటకు మళ్ళీ షుగర్ చూడండి.
2. తినలేకపోతే తేనె గానీ, నీళ్ళతో చిక్కగా కలిపిన గ్లూకోజ్ గానీ వేలితో చిగుళ్ళకు రాయండి. మొత్తం ఒక టీస్పూన్, కొద్దికొద్దిగా. గొంతులో పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఫిట్స్ వస్తుంటే పళ్ళ మధ్య వేలు పెట్టకండి, పెదవి ఎత్తి బయటి చిగురుకే రాయండి.
3. రాస్తూనే ఆసుపత్రికి బయల్దేరండి. తేరుకున్నా సరే వెళ్ళాలి. ఇన్సులిన్ ఇంకా పనిచేస్తూనే ఉంటుంది, గంటలో మళ్ళీ పడిపోవచ్చు.
4. తర్వాతి డోసు డాక్టర్ చెప్పేదాకా వేయొద్దు.

స్ట్రిప్ దొరకలేదనో, మీటర్ పనిచేయలేదనో ఆలస్యం చేయకండి. అనుమానం వస్తే తీపి రాయండి. షుగర్ ఎక్కువున్న పిల్లికి ఒక చెంచా తేనె వల్ల పోయేదేమీ లేదు.

9. తరచుగా జరిగే తప్పులు

ఇంట్లో పెద్దవాళ్ళ షుగర్ మాత్ర వేయడం. మెట్‌ఫార్మిన్ లాంటివి పిల్లికి పనికిరావు. కాకరకాయ రసం, మెంతిపొడి కూడా వద్దు. అమెరికాలో ఉన్న మనవాళ్ళు సూది బదులు నోటితో ఇచ్చే మందుల గురించి అడుగుతుంటారు. అక్కడ బెక్సాగ్లిఫ్లోజిన్ మాత్రకు 2022 డిసెంబరులో, వెలాగ్లిఫ్లోజిన్ ద్రవ మందుకు 2023 ఆగస్టులో అనుమతి వచ్చింది. అంతకుముందు ఇన్సులిన్ తీసుకున్న పిల్లికి అవి వేయకూడదు. పైగా షుగర్ మామూలుగా ఉన్నప్పుడు కూడా కీటోన్లు పెరిగే ప్రమాదం ఉంది. ఎంపిక డాక్టర్‌దే.

రోజుకో డోసు. పొద్దున 380 అని రెండు యూనిట్లు, సాయంత్రం 220 అని ఒకటి వేస్తే ఏ డోసు పనిచేస్తోందో ఎవరికీ తెలియదు. డోసు మార్పు డాక్టర్ చెప్పాక, చెప్పినంతే.

ఇద్దరు రెండు సూదులు వేయడం. ఆయన వేశారో లేదో తెలియక ఆవిడ కూడా వేస్తుంది. సూది వేసినవాళ్ళు వెంటనే నోట్‌బుక్‌లో టైము, సంతకం పెట్టాలి. సంతకం లేకపోయినా, వేశారేమోనన్న అనుమానం ఉంటే ఆ పూట వదిలేయడమే క్షేమం.

ఇంట్లో ఇంకో పిల్లి ఉండటం. గిన్నెలు వేరు, గదులు వేరు. ఇరవై నిమిషాలకు గిన్నెలు ఎత్తేయండి. రోజంతా డ్రై ఫుడ్ బయట పెట్టే అలవాటు పోవాలి.

వెనక కాళ్ళు మడమల మీద ఆనించి నడవడం చూసి ఎముక విరిగిందనుకోవడం. అది షుగర్ నరాల మీద చూపే ప్రభావం. అదుపులోకి వచ్చాక నెలల మీద చాలా పిల్లులు కోలుకుంటాయి. బల్లలు ఎక్కకుండా, మెట్లు తక్కువ ఉండేలా చూడండి.

10. మొదటి నెల తర్వాత

నోట్‌బుక్‌లో రోజూ ఇవి ఉంటే చాలు: రెండు రీడింగ్‌లు, రెండు డోసులు, ఎంత తిన్నది, ట్రేలో మూత్రంతో గడ్డకట్టిన ముద్దలు ఎన్ని, వారానికోసారి బరువు. బరువు చూడటానికి పిల్లిని ఎత్తుకుని మీరు కాటా ఎక్కండి, తర్వాత మీరొక్కరే ఎక్కి తీసేయండి. ఒంట్లో బాగాలేని రోజున కీటోన్ స్ట్రిప్ తప్పనిసరి.

తొలి నెలల్లోనే షుగర్ అదుపులోకి వచ్చిన కొన్ని పిల్లులకు ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది. సూదికి ముందు రీడింగ్‌లు వరుసగా తగ్గుతూ 150 దగ్గరికి వస్తుంటే ఆ సూచన అనుకోవచ్చు. అప్పుడు డోసు మీరే ఆపేయకండి, డాక్టర్ మెట్లుమెట్లుగా తగ్గిస్తారు. ఆపాక కూడా అదే తిండి, అదే బరువు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఎవరైనా వేయబోతే షుగర్ చరిత్ర ముందే చెప్పాలి. కొన్ని పిల్లులకు మళ్ళీ తిరగబెడుతుంది. అందుకని వారానికి ఒకసారైనా చెవి రక్తం చూడండి, గ్లూకోమీటర్ ఎవరికీ ఇచ్చేయకండి.